ఉప్పు లేని ఎండుచేప

నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో కాడ్ అనే చల్లటి సముద్రపు చేప వేటపై రాసిన ఒక వ్యాసం చదువుతుంటే మా భీమిలి తీరం గుర్తుకొచ్చింది. లోఫోటెన్‌లో చేపలను తోకల దగ్గర జతగా కట్టి కొయ్యదండేల మీద వేలాడదీస్తారు. చిటికెడు ఉప్పు కూడా వేయరు, ఆ చలిగాలే చాలు. మన దగ్గర అలా చేస్తే సాయంత్రానికల్లా ఈగల పాలే! అందుకే పెద్దవాటిని చీల్చి ఉప్పు దట్టిస్తారు, నెత్తళ్ళనైతే ఇసుక మీద పరుస్తారు. మా ఎదురింటి మామ్మ ఈనెల చీపురుతో ఒక పక్క వాటిని తిరగేస్తూ, అదే చీపురుతో కాకులను అదిలించేది.

నాకు వింతగా తోచింది మరొకటి. నార్వేకు ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ గుడ్లు పెట్టడానికి వచ్చే జనవరి–ఏప్రిల్ నెలలే వాళ్ళకు వేటకాలం. ఎంత పట్టాలో కోటా ఉంటుంది. మనకేమో గుడ్లు పెట్టే కాలమనే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజిన్ పడవలు ఒడ్డునే ఉండాలి. ఆ రోజుల్లో ఇల్లు గడవడం ఎంత కష్టమో తీరంలో పెరిగినవాళ్ళకు తెలుసు.

అన్నట్టు, ఎండిన కాడ్ తలకాయలను నైజీరియాకు ఎగుమతి చేస్తారు. మా ఇంట్లో తలకాయ పులుసు కోసం అన్నదమ్ములం తగువులాడుకునేవాళ్ళం.