చెల్లిన కాణీ

ఇంట్లో నన్ను చెల్లని కాణీ అని ఎవరూ పైకి అనలేదు. అయితే కర్టెన్లకు ఏ రంగు బాగుంటుందో కూడా మా ఆవిడ పక్కింటావిడనే అడుగుతుంది తప్ప, డ్రాయింగ్ మాస్టరునైన నన్ను అడగదు. ఆ ఉక్రోషమే కావచ్చు, ఒకరోజు ఎనిమిదో తరగతిలోకి వెళ్లగానే "ఎవరి నాణెం వాళ్లే చేసుకోండి. రాజుగారి బొమ్మ ఉండే చోట మీ బొమ్మ. రంగు మాత్రం రాగి" అన్నాను.

రాగి రంగు అనగానే ఒకడు ఎరుపు తీశాడు, ఒకమ్మాయి గోధుమ రంగు తీసింది, ఇంకొకడు నలుపు. నలుపేమిటిరా అంటే, "కొండ మీద కృష్ణదేవరాయలవారు నల్లగానే ఉంటారు కదా సార్" అన్నాడు. మహాద్వారం దాటగానే కుడివైపు, ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ ఆ రాగి విగ్రహాలను క్యూలో నడుస్తూ చూడని తిరుపతి పిల్లవాడు ఉండడు. వాణ్ని తప్పుపట్టడానికి లేదు. రాగి కొత్తలో ఎర్రగా మెరుస్తుంది, గాలి తగిలి గోధుమ రంగుకు, ఆ తర్వాత నలుపుకు తిరుగుతుంది. తడిలో ఏళ్ల తరబడి ఉంటే పచ్చని చిలుము పడుతుంది. ముగ్గురికీ మార్కులు వేశాను. ఆకుపచ్చ తీసిన నాలుగోవాడికీ వేశాను. అది వాడి తెలివి కాదని, వాడి డబ్బాలో ఇంకే రంగూ మిగల్లేదని తర్వాత తెలిసింది.

అసలు నాణేలు ఎలా ఉంటాయో చూడండని జేబులోని చిల్లర బల్ల మీద పోశాను. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాలది, చుక్క ఉంటే నోయిడాది, వజ్రం ఆకారం ఉంటే ముంబైది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. ఈ సంగతి చెప్పకుండా ఉండవలసింది. పావుగంట పాటు క్లాసు సంతగా మారిపోయింది. "రెండు నోయిడాలిస్తాను, ఒక ముంబై ఇస్తావా?" ఆ సంతలో పోయిన నా రెండు హైదరాబాదులు ఇప్పటికీ దొరకలేదు.

నాణెం విలువ మీ ఇష్టం అన్నాను. ఒకడు "5 ఇడ్లీలు" అని రాశాడు, చట్నీతో కలిపి. ఒకమ్మాయి "ఒక పూట సెలవు" అని రాసింది. వెనక బెంచీలో ఒకడు 2,000 వేశాడు. ఆ నోటును 2023లోనే రిజర్వ్ బ్యాంకు వెనక్కి తీసుకుంది కదరా అంటే, "అందుకే సార్, నేను మళ్లీ తెస్తున్నాను" అన్నాడు.

పని సులువే. తినుబండారాలు చుట్టే అల్యూమినియం రేకును రెండు మడతలు వేసి, పాత పేపర్ల దొంతర మీద పరిచి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో వెనక నుంచి నొక్కితే ముందు వైపు బొమ్మ ఉబ్బుతుంది. అలా నొక్కేటప్పుడు అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయాలి. ఇరవై ఆరేళ్లుగా బొమ్మలు నేర్పుతున్న నాకు ఈ ముక్క అందరూ రాసేశాక గుర్తొచ్చింది. నాదానితో కలిపి ముప్ఫై ఎనిమిది నాణేలు, తిరగబడిన పేర్లు ముప్ఫై ఏడు. గంగ అనే అమ్మాయి ఒక్కతే బతికిపోయింది. ఎటు నుంచి చదివినా గంగే. తలకట్లు మాత్రం అటువైపు తిరిగాయి. "అమ్మవారి పేరు సార్, తిరగబడదు" అంది.

నా నాణేన్ని సరిగ్గా 10 రూపాయల నాణెం కొలతకే, 27 మిల్లీమీటర్లకు చేశాను. సంవత్సరం కింద నక్షత్రం కూడా పెట్టాను. చేతికి బరువు తగలాలని రేకు లోపల ఇనుప వాషరు దూర్చాను. వాషరు చిల్లి దగ్గర రేకు లోపలికి దిగి, నా ముక్కు కాస్తా సొట్టపోయింది. 1943 నుంచి 1947 వరకు నడుమ చిల్లి ఉన్న కంచు కాణీలు వేసేవారని పిల్లలకు చెప్పి, ఆ సొట్టను చరిత్రలో కలిపేశాను.

ఆ పైన వార్నీషులో కలిపిన రాగి రంగు పొడి పూశాం. రాత్రంతా ఆరనివ్వాలి. కానీ నాకు ఆ సాయంత్రమే మా ఆవిడకు చూపించాలని ఉంది. చొక్కా జేబులో వేసుకుని తిరుచానూరు బస్సెక్కాను.

మార్చి ఎండ. బస్సులో కాలు పెట్టడానికి చోటు లేదు. చెమట తుడుచుకోవడం, నాణెం భద్రంగా ఉందో లేదో జేబు తడుముకోవడం, మళ్లీ చెమట తుడుచుకోవడం. నడుమ కండక్టరు వస్తే చేతికందిన చిల్లర ఇచ్చి టికెట్టు తీసుకున్నాను. సీట్లో కూర్చున్న ఒక పెద్దాయన నన్ను చాలాసేపు ఎగాదిగా చూశాడు.

"నాయనా, బైరాగి వేషానికి నామంకొమ్ము పూస్తారు, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. నీది ఏ వేషం? గంగమ్మ జాతరకు ఇంకా రెండు నెలలుంది కదా!"

కిటికీ అద్దంలోకి చూసుకున్నాను. నుదురు, బుగ్గలు, బట్టతల అంతా ధగధగలాడుతున్నాయి. రాయలవారి పక్కన నిలబెడితే నిన్ననే పోతపోసిన విగ్రహమనుకుంటారు. జాతరలో వేషం వేసినవాడు ఎవరిని ఎంత తిట్టినా పడాలని మా ఊరి ఆనవాయితీ. మార్చిలో నాకా సదుపాయం కూడా లేదు.

ఇంటి తలుపు తీసిన మా ఆవిడ ఒక్క మాట అనకుండా లోపలికి వెళ్లి చింతపండు తెచ్చింది. అది రాగి చెంబు మీది చిలుముకు పనిచేస్తుంది గానీ వార్నీషుకు పనిచేయదని చెప్పేలోగా ఒక చెంప తోమేసింది. చివరికి కొబ్బరినూనెతో అరగంట రుద్దితే మనిషి రంగు బయటపడింది.

"ఇంతకీ ఏదండీ ఆ నాణెం?" అంది.

జేబులో చెయ్యి పెట్టాను. 10 రూపాయల నాణెం ఉంది. నేను లేను.

మర్నాడు మొదటి పీరియడ్‌లో ఆ 2,000 వాడు వచ్చి అరచెయ్యి చాపాడు. సొట్టముక్కుతో, తిరగబడ్డ పేరుతో, నేను.

"నిన్న సాయంత్రం బస్సులో కండక్టరు నాకు చిల్లరలో ఇచ్చాడు సార్. టీ కొట్టులో తీసుకోనన్నారు. 10 రూపాయలు ఇవ్వండి."

మారుమాట్లాడకుండా తీసి ఇచ్చాను. వాడు దాన్ని కిటికీ వెలుగులో పెట్టి, సంవత్సరం కిందికి కళ్లు చికిలించి చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

"నోయిడావి నా దగ్గర ఇప్పటికే మూడున్నాయి సార్. హైదరాబాద్ ఉంటే ఇవ్వండి."