ఘాటు ఉంటేనే శుభ్రమా?

పొద్దున్నే నెల్లూరు వీధుల్లో వినపడే కేకల్లో ఆకుకూరల బండిదొకటైతే, ఫినాయిలు, యాసిడ్ బండిది ఇంకొకటి. ఒంగోల్లోనూ అంతే. పాత కూల్‌డ్రింక్ సీసాలో పోసిస్తారు, దాని మీద పేరుండదు, తేదీ ఉండదు, లోపలేముందో అమ్మేవాడికీ తెలీదు. యాసిడ్ చిల్లర అమ్మకాల మీద సుప్రీంకోర్టు 2013లోనే ఆంక్షలు పెట్టిందన్న సంగతి ఆ బండి దాకా వచ్చినట్టు లేదు. మనమూ తక్కువేం కాదు, ముక్కుకి ఘాటు తగిలితే గానీ ఇల్లు కడిగినట్టే ఉండదు మనకి. అదే ఇంట్లో, అదే నేల మీద చాప వేసి చంటిబిడ్డని పడుకోబెడతాం.

కెనడాలో 2,000 మందికి పైగా పిల్లల్ని చూసి 2020లో బయటపెట్టిన ఒక పరిశోధన ఉంది. బిడ్డకి 3, 4 నెలలప్పుడు ఇంట్లో శుభ్రం చేసే రసాయనాలు ఎక్కువగా వాడిన చోట, 3 ఏళ్లు వచ్చేసరికి ఉబ్బసం, పిల్లికూతలు ఎక్కువ కనిపించాయి. స్ప్రే చేసేవాటితో మరీనూ. వాటివల్లే వచ్చిందని రుజువైపోలేదు, కానీ పట్టించుకోకుండా ఉండే సంగతీ కాదు.

ఒంటి సబ్బు మీద మాకంత అనుమానం లేదు, రుద్దుకుని కడిగేసుకుంటాం కాబట్టి. క్రిములన్నిటినీ చంపేస్తుందని ఎక్కువ డబ్బు లాగే సబ్బుల సంగతి మాత్రం చెప్పాలి. అవి మామూలు సబ్బూ నీళ్లకన్నా మెరుగని కంపెనీలు చూపించలేకపోయాయని 2016లో అమెరికా ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలను అలాంటి సబ్బుల్లోంచి తీసేయమంది. ఇక 'పర్ఫ్యూమ్' అని రాసే ఒక్క మాట వెనక పదుల రసాయనాలు ఉండొచ్చు. ఆయాసపడే బిడ్డ తల్లి ఆ మాట చదివి ఏం తెలుసుకోవాలి?

అడిగితే కంపెనీలవాళ్లు మారతారు. బట్టల పౌడర్‌లో కలిపే ఎంజైముల (మరకలు పోగొట్టే పదార్థాల) దుమ్ముతో ఆ ఫ్యాక్టరీల కార్మికులకి ఉబ్బసం వస్తోందని 1969లో ఇంగ్లండులో బయటపడ్డాక, ఆ దుమ్ము లేవకుండా ఎంజైములకి పూత వేసి గుళికలుగా చేయడం మొదలుపెట్టారు.

ఇదంతా చదివి కుంకుడుకాయ, సున్నిపిండి రోజులే నయం అనేవాళ్లు ఉంటారు. కావచ్చు, కానీ ఆ రోజుల్లోదే నీళ్లు పోసిన బిడ్డకి పట్టే సాంబ్రాణి పొగ కూడా. పిల్లికూతలున్న బిడ్డ దగ్గర ఆ పొగ, దోమల చుట్ట, నాన్న సిగరెట్టు ఏవీ ఉండకూడదు. అలాగే డాక్టరు రాసిన పంపుని (ఇన్‌హేలర్‌ని) 'అలవాటైపోతుంది' అని మానేసి, చేపమందు కోసం మృగశిర దాకా ఆగడం ప్రమాదం.

బాత్రూమ్‌లో బ్లీచింగ్, యాసిడ్ కలిపి రుద్దకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది. పేరులేని సీసాల అమ్మకాన్ని రెండు జిల్లాల అధికారులు ఆపాలి. అంగన్‌వాడీల్లో నేల తుడిచే పని పిల్లలు రాకముందే అయిపోవాలి, వాళ్లు వచ్చేసరికి కిటికీలు తెరిచి ఉండాలి. దీనికి జీవో అక్కర్లేదు, రేపట్నుంచే చేయొచ్చు.