చెవి మిషను సొరుగులో, సలహా సభలో

మొన్న ఒక పెళ్ళిలో మా పెదబావగారు ప్రపంచంలోని బధిరులందరికీ ఉచిత సలహా ప్రసాదించారు. ముందుగా ఫోనులో వీడియో చూపించారు. ఏడాది పాప, చెవి వెనక కాక్లియర్ ఇంప్లాంటు అనే, చెవిటివారికి శబ్దం వినిపించే యంత్రం, స్విచ్చు వేయగానే నవ్వు, పక్కన తల్లి కన్నీళ్ళు. ఇంత మంచిదాన్ని వద్దంటూ అమెరికాలో బధిరులు ఆందోళన చేశారట, మతి ఉందా వాళ్ళకు, నినాదాలు చేస్తే ఎవరి మనసైనా మారుతుందా, అని ఆయన ప్రశ్న.

గంభీరమైన ప్రశ్నే. జవాబు చెప్పబోయాను. ఆయనకు వినపడలేదు.

వినపడదు. ఆరేళ్ళుగా అంతే. డాక్టరు రాసిచ్చిన చెవి మిషను బీరువా సొరుగులో పట్టుగుడ్డ చుట్టుకుని నిద్రపోతోంది. పెట్టుకుంటే ముసలివాడనుకుంటారట. వయసు 74. అక్కయ్య వారం రోజులు మౌనవ్రతం పట్టింది, అది ఆయనకు తెలియనే లేదు. కూతురు హైదరాబాదు నుంచి రాయబారాలు నడిపింది. టీవీ మోత భరించలేక పక్కింటివారు లిఖితపూర్వకంగా నిరసన తెలిపారు. ఇన్ని చేసినా ఆ ఒక్క మనసు మారలేదు. చెవి వెనక ఎముక తొలిచి, నత్తగుల్లలా చుట్టుకున్న లోపలి చెవిలోకి ఎలక్ట్రోడ్ల తీగ ఎక్కించే శస్త్రచికిత్సను మాత్రం భూమ్మీది ప్రతి చెవిటి పసివాడికీ ఆయన ఏకగ్రీవంగా మంజూరు చేశారు.

అయినా ఎవరి మనసైనా మారుతుందా అని అడిగారు కనుక చెప్పాలి. 1990లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ రెండేళ్ళు నిండిన పిల్లలకు ఈ ఇంప్లాంటును అనుమతించింది. మరుసటి ఏడాదే అక్కడి జాతీయ బధిరుల సంఘం ఆ నిర్ణయాన్ని ఖండించింది. ఆపరేషన్లు ఆగలేదు, పెరిగాయి. కానీ 2000లో ఒక మనసు మాత్రం మారింది. ఎవరిదనుకున్నారు? ఖండించిన ఆ సంఘానిదే! ఇంప్లాంటు కూడా ఒక సాధనమే, తల్లిదండ్రులు అన్నీ తెలుసుకుని ఎంచుకోవచ్చు అంది. ఇందుకు వారికి తొమ్మిదేళ్ళు పట్టింది.

ఇక చెవులు చక్కగా పనిచేసే పెద్దమనుషుల సంగతి. 1880లో ఇటలీలోని మిలాన్‌లో సభ తీర్చి, బధిర పిల్లల బడుల్లో సైగల భాష కూడదని తీర్మానించారు. వచ్చిన 164 మందిలో బధిరులను లెక్కించడానికి ఒక చేతి వేళ్ళే ఎక్కువ. ఆ తీర్మానాలు తప్పని అదే పరంపరలోని మహాసభ ఒప్పుకున్నది 2010లో, వాంకూవర్‌లో. ఒక్క మాట చెవికెక్కడానికి 130 ఏళ్ళు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అని సామెత కట్టిన మహానుభావుడు ఊదినవారెవరో, విననివారెవరో తారుమారు చేసినట్టున్నాడు.

"మిలాన్" అని బావగారి చెవిలో గట్టిగా అరిచాను. "అవునవును, మేళం బాగుంది," అన్నారు.

ఆ వీడియో నవ్వు దగ్గరే ఆగిపోతుంది. తర్వాతి ఏళ్ళను ఎవరూ తీయరు. మన దగ్గర ఆరోగ్యశ్రీ పుణ్యమా అని ఎందరో పేద పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు జరిగాయి. ఎందరికో మాటలు వచ్చాయి, సంతోషమే. మరి స్పీచ్ థెరపీకి ఏళ్ళ తరబడి పట్నానికి తిరగాలంటే బస్సు ఛార్జీలు, పోయిన కూలి ఎవరిస్తారు? వారంటీ గడువు తీరాక చెవి వెనక పెట్టుకునే బయటి యంత్రం పాడైతే, కొత్తదానికి లక్షలు ఎక్కడివి? యంత్రం మూగబోయిన రోజున ఆ పిల్లకు చేతిలో సైగల భాషైనా ఉండాలి కదా. ఉండదు. ఎందుకంటే "సైగలు చేస్తే మాటలు రావమ్మా, చేతులు పట్టుకోండి" అని ఆ తల్లికి ఎవరో చదువుకున్నవారు చెప్పారు. ఆ మాట నేను నా చెవులతో విన్నాను. పసిదాని చేతులు పట్టి ఆపమనడానికి వీళ్ళెవరు? రేపు విందు ఉందని చెప్పి మూడేళ్ళ పిల్లను పస్తు పెడితే పోలీసులు వస్తారు. భాష లేకుండా మూడేళ్ళు మాడిస్తే దాన్ని చికిత్స అంటారు! అమెరికాలో ఆ బధిరులు రోడ్డెక్కి అరిచింది యంత్రం మీద కోపంతోనే కాదు, ఈ చేతులు పట్టుకునేవాళ్ళను చూసి. నాకైతే వాళ్ళు చాలా మర్యాదగా అరిచారనిపిస్తుంది.

ఈ ఉపన్యాసమంతా బావగారు తల ఊపుతూ విన్నారు. ఆయన తల ఊపారంటే ఒక్క ముక్క కూడా చేరలేదని అర్థం.

ఇంతలో మండపం అవతలి కొస నుంచి అక్కయ్య, ఇంత మేళంలోనూ నోరు మెదపకుండా, ఐదు వేళ్ళూ కూర్చి నోటి దగ్గర పెట్టి చూపించి, ఆ చేత్తోనే రమ్మని పిలిచింది. బావగారు ఠక్కున లేచి భోజనాల వైపు నడిచారు.