వాహనపూజ వరుసలో పాత క్యామ్రీకీ చోటుండాలి

గత దసరాకి మన డాలస్ గుడి పార్కింగ్ లాట్‌లో జరిగిన వాహనపూజకి వచ్చినవాళ్లు ఆ సంగతి చూసే ఉంటారు. డ్రోన్ వీడియో కోసమని ముందు రెండు వరుసలూ కొత్త బండ్లకే ఉంచారు. ఒక పెద్దాయన తన ఆకుపచ్చ 1998 టొయోటా క్యామ్రీ కారుతో లైన్లో నిలబడి, తీరా వంతు వచ్చేసరికి వాలంటీర్ కుర్రాడు కిటికీ దగ్గరికి వంగి, "అంకుల్, వీడియో తీస్తున్నారు, మీ బండి వెనక లాట్‌లో పెట్టెయ్యండి. పంతులుగారు అక్కడికే వస్తారు" అన్నాడు. "అలాగే బాబూ" అని ఆయన బండి తిప్పుకున్నారు. ముందు వరుసలన్నీ అయ్యి పంతులుగారు వెనక్కి వెళ్లేసరికి అక్కడ ఆయనా లేరు, బండీ లేదు.

కుర్రాణ్ణి అనాల్సిన పని లేదు. చెప్పిన పని చేశాడు. వీడియోలో ఏది కనబడాలో, ఏది కనబడకూడదో వాడికి చెప్పింది మన సంఘం కార్యవర్గం, ఆ మాట విని ఊరుకున్నది మనందరం.

ఆయుధపూజ అంటే అసలు పూజ పనిముట్టుకి. విజయవాడ ఆటోనగర్‌లో దసరాకి షెడ్డు ముందు నీళ్లు చల్లి, పానాలు, సుత్తులు, జాకీలు కిరసనాయిలుతో కడిగి, గోనెపట్టా మీద వరసగా పేర్చి, ఒక్కోదానికీ పసుపూ కుంకుమా పెడతారు. లారీకి దండ వేసేది ఆ తర్వాతే. అమెరికా వచ్చాక మనకి లారీ మిగిలింది, పానా పోయింది. పూజ కాస్తా కొత్త బండి కొన్నామని నలుగురికీ చూపించుకునే వేడుక అయింది. ఇది మన సంప్రదాయం కాదు, మన నామోషీ. చేతికి గ్రీజు అంటితే చదువు దండగైపోయిందనుకునే జబ్బు మనం అక్కణ్ణించే తెచ్చుకున్నాం. షెడ్డులో మేస్త్రీని "ఏరా" అని పిలుస్తూ పెరిగినవాళ్లమే కదా మనలో చాలామందిమి.

వైటూకే రోజుల్లో, అంటే 2000 సంవత్సరం కంప్యూటర్ సమస్య నాటి రోజుల్లో, వచ్చిన మనవాళ్లలో ఎంతమందికి మొదటి బండి క్యామ్రీయో, అకార్డో, కరోలానో కాదు? నలుగురు రూమ్‌మేట్లకి ఒకటే బండి, కిరాణాకీ అదే, ఇంటర్వ్యూకీ అదే, విమానాశ్రయంలో భార్యని ఎక్కించుకోవడానికీ అదే. 1997 నుంచి 2000 దాకా వచ్చిన ఆ క్యామ్రీలన్నిటికీ ఇప్పుడు పాతికేళ్లు నిండాయి. అంటే టెక్సాస్ లెక్కలో అవి పాతకాలపు బండ్లకిచ్చే యాంటిక్ నంబర్ ప్లేట్‌కి అర్హమైనవి. ఆ ప్లేట్‌తో రోజూ ఆఫీసుకి తిరగకూడదు గానీ ప్రదర్శనలకీ, పరేడ్లకీ, క్లబ్బు కార్యక్రమాలకీ తీసుకెళ్లొచ్చు. రాష్ట్రం పరేడ్‌కి తగినదని ఒప్పుకున్న బండిని మనం వెనక లాట్‌కి పంపాం.

ఆ బండి నిలబడిందంటే ఊరికే నిలబడలేదు. దాని వెనక ఉన్న పని తెలిస్తే ఎవరూ దాన్ని పక్కకి పెట్టమనరు. నాలుగు సిలిండర్ల క్యామ్రీలో ఉన్నది 2.2 లీటర్ల 5ఎస్-ఎఫ్ఈ ఇంజిన్. పిస్టన్లకీ వాల్వులకీ లయ కుదిర్చే దాని టైమింగ్ బెల్టు రబ్బరుది. వాడకాన్ని బట్టి 60 నుంచి 90 వేల మైళ్ల మధ్య మార్చాలి, మైళ్లు తిరక్కపోయినా ఏళ్లు గడిస్తే మార్చాలి. తెగితే పిస్టన్లూ వాల్వులూ గుద్దుకోవు, ఆ ఇంజిన్ కట్టుబడి అలాంటిది. కానీ బండి టోల్‌వే మధ్య లేన్లో చల్లగా ఆగిపోతుంది, అది చాలదా?

మార్చడానికి ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తియ్యాలి. కుడివైపు ముందు చక్రం ఊడదీసి, లోపలి ప్లాస్టిక్ కవచం తీస్తే పుల్లీ కనబడుతుంది. బయటి బెల్టులు వదులు చేసి తీశాక, ఇంజిన్ కింద చెక్కముక్క పెట్టి జాకీతో బరువు పట్టి, కుడివైపు ఇంజిన్ మౌంట్ విప్పాలి. కొత్తవాళ్లు ఆగిపోయేది క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) పుల్లీ బోల్టు దగ్గర. ఇరవై ఏళ్లు బిగిసిపోయి ఉంటుంది, పొడుగు కడ్డీ లేనిదే కదలదు, పుల్లీ తిరక్కుండా పట్టే సాధనం కూడా కావాలి. తిరిగి బిగించేటప్పుడు దానికి 80 ఫుట్‌పౌండ్ల బిగువు ఇవ్వాలి.

పాత బెల్టు తియ్యకముందే గుర్తులు కలపాలి. క్రాంక్ పుల్లీ మీది గాటు కవరు మీది సున్నాకి, కామ్ (వాల్వులని తెరిచే ఇరుసు) పుల్లీకున్న చిన్న రంధ్రం వెనక బేరింగ్ క్యాప్ మీది గుర్తుకి సరిగ్గా రావాలి. టార్చి వేసి ఒక కన్ను మూసి ఆ రంధ్రంలోంచి చూస్తే గుర్తు కనబడుతుంది. కొత్త బెల్టు ఎక్కించాక స్టార్ట్ చెయ్యకూడదు. పానాతో క్రాంక్‌ని గడియారం దిశలోనే రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ చూడాలి. ఒక్క పన్ను తప్పినా బండి స్టార్ట్ అవుతుంది, కానీ లాగదు. అప్పుడు జనం ఇంజెక్టర్లనీ, సెన్సర్లనీ అనుమానిస్తూ డబ్బు తగలేస్తారు. తప్పు ఆ ఒక్క పన్నులో ఉంటుంది.

బెల్టు తీశాక వెనక ఇంజిన్ గోడ మీద నూనె మరక ఉందా అన్నది ముఖ్యం. ఉంటే నూనె కారకుండా ఆపే కామ్ సీలు గానీ, క్రాంక్ సీలు గానీ, ఆయిల్ పంపు వెనక ఉండే రబ్బరు రింగు గానీ గట్టిపడిపోయిందన్నమాట. రూపాయి విలువ చెయ్యని రింగు కదా అని వదిలేస్తే, కారిన నూనెలో నానిన కొత్త బెల్టు గడువుకి ముందే పాడవుతుంది. వాటర్ పంపుని తిప్పేది కూడా ఈ బెల్టే కాబట్టి, పంపు బాగానే ఉన్నా అదే విడతలో మార్చెయ్యాలి. బెల్టుని బిగించి నడిపే రెండు చిన్న పుల్లీలూ, స్ప్రింగూ కూడా. పని అంతా విప్పడంలో ఉంది, సామాను ఖర్చులో లేదు.

డాలస్ ఎండకి ముందు పోయేది రేడియేటర్. పై ట్యాంకు ప్లాస్టిక్ నలుపు పోయి గోధుమరంగు తిరిగిందంటే పగిలే రోజు దగ్గరపడిందని గుర్తు. కారేదాకా ఆగకూడదు, ఒక్కసారి ఇంజిన్ బాగా వేడెక్కితే ఇంజిన్ పై భాగానికి అతుకు వేసే హెడ్ గాస్కెట్ దాకా పోతుంది. వేడిని బట్టి ఇంజిన్ నీళ్ల దారి తెరిచే థర్మోస్టాట్ పెట్టేటప్పుడు దానికుండే చిన్న కదిలే పిన్ను పైకి రావాలి. లోపల చిక్కుకున్న గాలి బయటికి పోయేది ఆ దారినే. చాలామంది దాన్ని కిందికి పెట్టి, వేడెందుకు ఎక్కుతోందో తెలియక తల పట్టుకుంటారు.

నిమ్మకాయ సంగతికి వద్దాం. నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెడతాం. అదే వంగినప్పుడు టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల తర్వాత వచ్చే చివరి నాలుగు అంకెలు చూసేవాళ్లు ఎంతమంది? 3516 అని ఉంటే 2016లో 35వ వారంలో తయారైందని అర్థం. గాడి ఎంత లోతున్నా పదేళ్లు దాటిన టైరు మార్చాల్సిందే. గాడి 2/32 అంగుళానికి అరిగితే వయసుతో పని లేకుండా తీసెయ్యాలి, వానలో అంతకంటే ముందే పట్టు పోతుంది. ఇది పాత బండ్ల ముచ్చట మాత్రమే కాదు. 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. డాలస్, కాలిన్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది గానీ అది పాతికేళ్ల లోపు బండ్లకే. అంటే బ్రేకులు, టైర్లు, లైట్లు చూసే పరాయి కన్ను ఇక లేదు. చూస్తే మనమే చూడాలి.

బ్రేకుల పనికి ఇద్దరు కావాలి, అందుకే అది ఇంటిల్లిపాదీ నేర్చుకోదగ్గ పని. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, రెండు మూడేళ్లకోసారి మార్చకపోతే లోపల తుప్పు పడుతుంది, వేడికి ఆవిరై పెడల్ మెత్తబడుతుంది. ఈ క్యామ్రీకి డాట్ 3 రకం. పెడల్ దగ్గర తండ్రి, చక్రం దగ్గర సన్నటి గొట్టం, సీసాతో కూతురు. "నొక్కు నాన్నా" అంటే నొక్కాలి, చక్రం దగ్గర ఆయిల్ వదిలే నిపుల్ విప్పి బుడగలు పోయాక, బిగించి "వదులు" అనేదాకా కాలు తియ్యకూడదు. పైన డబ్బా ఖాళీ అవనివ్వకూడదు. పాత బండిలో ఇంకో జాగ్రత్త ఉంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టి పూర్తిగా నేల దాకా వెళ్లకుండా చెయ్యాలి. పెడల్ నొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ లోపల ఎన్నడూ నడవని చివరి భాగంలో తుప్పు ఉంటుంది, సీలు అక్కడిదాకా వెళ్తే చీరుకుపోతుంది. బ్రేక్ ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ జారే పిన్నులకి మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పట్టేస్తుంది, సిలికాన్ గ్రీజు లాంటి, రబ్బరుకి పడే బ్రేక్ గ్రీజే వాడాలి. చక్రం నట్లు 76 ఫుట్‌పౌండ్లకి, ఎదురెదురుగా బిగించాలి. ఇక జాకీ మీద మాత్రమే నిలబడ్డ బండి కిందికి ఎవ్వరూ, ఒక్క నిమిషానికి కూడా, దూరకూడదు. స్టాండ్లు పెట్టాకే.

కొత్త బండ్లంటే గిట్టక ఇదంతా చెప్పడం లేదు. 1998 క్యామ్రీలో మామూలుగా ముందు రెండు ఎయిర్‌బ్యాగ్‌లే ఉంటాయి, తలని కాపాడే పక్క కర్టెన్లు ఉండవు, జారినప్పుడు బండిని అదుపు చేసే వ్యవస్థ ఉండదు. ఆ వ్యవస్థ ఈ దేశంలో 2012 మోడల్ నుంచి తప్పనిసరి అయింది. కాబట్టి కొత్తగా లైసెన్సు వచ్చిన పిల్లలకి రోజూ హైవే మీదికి ఈ బండి ఇవ్వకూడదు. పెద్దాయన అభిమానం కోసం ఈ మాట దాచలేం. పిల్లలు దాని మీద పని నేర్చుకోవాలి, ఆదివారం పొద్దున్నే ఇంటి చుట్టుపక్కల నడపాలి, అంతే.

"చారిటీకి ఇచ్చేస్తే పన్ను కలిసొస్తుంది కదా" అనే మాటా వినబడుతుంది. ఇస్తే మంచిదే. కానీ సంస్థ ఆ బండిని 500 డాలర్ల పైన అమ్మేస్తే, మనకొచ్చే మినహాయింపు వాళ్లు అమ్మిన ధరకి మించదు, అదీ ఐటమైజ్ చేసేవాళ్లకే, అంటే మినహాయింపులు విడివిడిగా లెక్క చూపించేవాళ్లకే. పన్ను కోసమే అయితే లెక్క చూసుకుని ఇవ్వండి.

కార్యవర్గాన్ని కోరేది పెద్ద ఖర్చు కాదు. పిల్లల తెలుగు పోటీలకీ, పిక్‌నిక్‌కీ తేదీలు పెట్టినట్టే దసరాకి ముందు ఒక శనివారం గుడి వెనక లాట్‌లో పని రోజు పెట్టండి. చాలా హెచ్ఓఏలు (ఇళ్ల యజమానుల సంఘాలు) డ్రైవ్‌వేలో బండి విప్పనివ్వవు కాబట్టి చోటు లేక ఆగినవాళ్లు మనలో ఉన్నారు. నాలుగు స్టాండ్లు, ఒక టార్క్ పానా, టైరు గాడి కొలిచే గేజి, పాత నూనెకి మూతున్న డబ్బాలు సంఘం పేరున ఉంటే చాలు. ఆ నూనె విడిభాగాల దుకాణాల్లో చాలావాటిలో ఉచితంగా తీసుకుంటారు. మొదటి రోజు ఎవరూ టైమింగ్ బెల్టు విప్పొద్దు. టైరు తేదీలు చదవడం, బ్రేక్ ప్యాడ్ మందం చూడడం, ఆయిల్ మార్చడం చాలు. ఆ ఇంజిన్‌కి ఫిల్టర్‌తో కలిపి నాలుగు క్వార్టులకి కాస్త తక్కువ పడుతుంది, పోశాక డిప్‌స్టిక్ చూసుకుని సరిచెయ్యాలి. ఐదువేల మైళ్లకోసారి మార్చకపోతే నూనె జిగురై గడ్డకట్టడం ఈ ఇంజిన్‌కున్న జబ్బు.

పూజనాడు ముందు వరుసలో పది చోట్లు పాతికేళ్లు దాటిన బండ్లకి ఉంచండి. వాటి ముందు గోనెపట్టా పరిచి, ఆ శనివారం వాడిన పానాలకి కుంకుమ పెట్టండి. ఆకుపచ్చ క్యామ్రీ పెద్దాయనకి వాట్సాప్‌లో మెసేజి పెట్టి ఊరుకోకండి. అధ్యక్షులూ, ఆ వాలంటీర్ కుర్రాడూ కలిసి ఇంటికెళ్లి పిలవండి. గరాజ్‌లో ఆయన చేసిన పని చూపించమని అడగండి.