డ్రోన్ సరే, తేమ మీటర్ ఎవరు నేర్పుతారు?

ఈ ఎండాకాలం మా నల్గొండ వైపు కొత్త సందడి మొదలైంది. స్మార్ట్ వ్యవసాయం, డ్రోన్ల మీద పిల్లలకు సమ్మర్ క్యాంపులట. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎవరైనా చేరొచ్చు. ఫీజు కట్టాలి, టీషర్ట్ ఇస్తారు, ఆఖరి రోజు స్టేజీ మీద సర్టిఫికెట్ ఇస్తారు. మా అక్క కొడుకును కూడా చేర్పించారు. వాడు పదో తరగతికి పోతున్నాడు. పెద్ద డ్రోన్ పక్కన నిలబడ్డ ఫోటో స్టేటస్‌లో చూసి ఫోన్ చేశాను. "ఏంరా, డ్రోన్ ఎగరేసినవంట?" అని అడిగితే, "మేం ఎగరేయలే మామా. సార్ ఎగరేసిండు, మేం వీడియో తీసినం" అన్నాడు.

క్యాంపు పెట్టినవాళ్ల పేరు రాయను. వాళ్లొక్కరి సంగతి కాదిది. వ్యవసాయం నేర్పుతామని పిల్లలను పిలిచి డ్రోన్ చూపించి పంపుతున్నారు. నా గొడవ అదే, డ్రోన్‌తో కాదు.

డ్రోన్ విలువ పత్తి రైతుకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మునుగోడు, చండూరు వైపు ఆగస్టు, సెప్టెంబర్‌లో తైవాన్ పంపు వీపున వేసుకుని పత్తి చేనులోకి దిగిన మనిషిని అడగండి. చేను నడుము దాటి ఉంటుంది, గాలి ఆడదు, ఉక్కపోత. కొట్టిన మందు తుంపర మళ్లీ మొహం మీదికే వస్తుంది. మాస్కు పెట్టుకుంటే ఊపిరాడదని తువ్వాల చుట్టుకుంటారు, కాసేపటికి అదీ మందుతో తడుస్తుంది. వాంతులు, కళ్లు తిరగడం, సాయంత్రానికి ఆస్పత్రిలో సెలైన్. ఈ కథ వినని ఊరు లేదు. మనిషిని ఆ చేనులోంచి గట్టు మీదికి తెచ్చే యంత్రం ఏదైనా నాకు సమ్మతమే. 10 లీటర్ల ట్యాంకు డ్రోన్ ఎకరాన్ని పది నిమిషాల్లో ముగిస్తుంది.

ఈ సంగతులేమైనా క్యాంపులో చెప్పారా అని మా అక్క కొడుకును అడిగితే, "నీళ్లు పోసి చూపెట్టిండ్రు" అన్నాడు.

హైస్కూలు పిల్లలకు సరిగ్గా సరిపోయే లెక్క ఒకటి అక్కడ వృథా అయింది. చేతి పంపుతో ఎకరం పత్తికి 150 నుంచి 200 లీటర్ల నీళ్లు పడతాయి. డ్రోన్‌కు 10 లీటర్లు చాలు. ఎకరానికి పడాల్సిన మందు మాత్రం అంతే. అంటే డ్రోన్ ట్యాంకులో ఉన్నది పంపులో ఉన్నదానికంటే 15, 20 రెట్లు చిక్కటి మందు. ఆ తుంపర గాలికి పక్క చేనులో పడితే ఏమవుతుంది? పక్కన బత్తాయి తోట పూత మీదుండి తేనెటీగలు తిరుగుతుంటే? తెల్లదోమ ఆకు అడుగున ఉంటుంది కదా, పైనుంచి కొట్టిన మందు దానిదాకా ఎంత చేరుతుంది? ట్యాంకు కడిగిన నీళ్లు ఎక్కడ పారబోయాలి? పదిహేనేళ్ల పిల్లలు ఇవన్నీ అడగగలరు. అడగనిచ్చింది ఎవరు? మంచినీళ్లు పోసి ఎగరేసి, చప్పట్లు కొట్టించి, గ్రూప్ ఫోటో దిగి బస్సెక్కించారు.

తల్లిదండ్రులకు ఇంకో మాట. 'మీ పిల్లాడే రేపటి డ్రోన్ పైలట్' అని కరపత్రం మీద వేశారు. మా అక్క ఆ సర్టిఫికెట్‌ను బీరువాలో పట్టా పాస్‌బుక్ పక్కన దాచింది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలంటే 18 ఏళ్లు నిండాలి, పది పాసవ్వాలి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్న శిక్షణ సంస్థలో కోర్సు చేయాలి. క్యాంపులో ఇచ్చేది హాజరైనట్టు కాగితం, అంతే. దాన్ని చూపించి ఎవరి పొలంలోనూ మందు కొట్టే పనికి పోలేరు. ఈ ముక్క ఫీజు తీసుకునే రోజే చెప్పాలి కదా.

తమాషా ఏంటంటే, ఆ రూల్సులోనే పిల్లలకు ఒక దారి ఉంది. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. నాలుగు చిన్న డ్రోన్లు తెచ్చి, ఎగరేసే చోటు ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో ఉందో లేదో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో పిల్లలతోనే చూపించి, ఒక్కొక్కరి చేతికి రిమోట్ ఇస్తే అయిపోయేది. గోడకు గుద్దుతారు, రెక్క విరుగుతుంది, మార్చి మళ్లీ ఎగరేస్తారు. చేతితో విప్పి బిగించినవాడికి ఆ యంత్రం అంటే భయం పోతుంది. కానీ నానో డ్రోన్ ఫోటోలో సరిగ్గా కనపడదు, అదీ ఇబ్బంది.

అసలు మే నెలలో వ్యవసాయ క్యాంపు ఏంటి? నల్గొండలో 44 డిగ్రీల ఎండలో చేను ఎక్కడుంది? పత్తి కట్టె పీకేసి దుక్కి దున్నారు. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాల్లో కుప్పలు పోసి ఉన్నాయి. పాలమూరు వైపు పల్లి పీకి చాలా రోజులైంది. మిగిలినవి బత్తాయి, మామిడి తోటలు, బోర్ల కింద కాస్త కూరగాయలు. ఖాళీ దుక్కి మీద డ్రోన్ ఎగరేసి 'పంట ఆరోగ్యం ఇలా తెలుస్తుంది' అని చెప్పారట. ఏ పంట? పచ్చటి ఆకు పరారుణ కాంతిని ఎలా వెనక్కి పంపుతుందో, మొక్క నీరసిస్తే అది ఎలా తగ్గుతుందో చూపించాలంటే ఎదురుగా ఆకు ఉండాలి. ఆ కాంతిని కొలిచి డ్రోన్ గీసే రంగుల మ్యాప్ కూడా తేడా ఎక్కడుందో చెబుతుంది గానీ ఎందుకుందో చెప్పదు. పురుగా, నీటి ఎద్దడా, జింకు లోపమా తేల్చాలంటే ఎవరో ఒకరు చేనులోకి నడిచి ఆకు తిప్పి చూడాల్సిందే.

మన ఊళ్లకు టెక్నాలజీ ఇప్పుడే వస్తున్నట్టు మాట్లాడటం ఇంకో చికాకు. సెల్ స్టార్టర్ ఎన్నేళ్ల నుంచి ఉంది? ఇంట్లో కూర్చుని ఫోన్ కొడితే బాయి కాడ మోటార్ నడుస్తుంది. రాత్రి కరెంటు కోసం పోయి పాము కరిచో, షాక్ కొట్టో మనుషులు పోయిన ఊళ్లు మనవి. ఆ డబ్బా విలువ వాళ్లకు తెలుసు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయండి, బోర్లు ఎండిపోతాయి అని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. స్టార్టర్ డబ్బాతో నీళ్లు అడుగంటా తోడేయవచ్చు, సరిగ్గా వాడితే మిగుల్చుకోవచ్చు. ఇంతకంటే మంచి పాఠం పిల్లలకు ఏముంది? క్యాంపులో దాని ఊసే లేదు. మోటార్ మెకానిక్ దగ్గర దొరికే వస్తువు కదా, స్టార్టప్ వాసన రాదు.

సాగర్ ఎడమ కాలువ కింద వరి పెట్టేవాళ్లకు ఇంకా చవక పని ఉంది. చిల్లులు పెట్టిన పీవీసీ పైపు ముక్క పొలంలో పాతి, లోపల నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్లు కిందికి పోయాకే మళ్లీ తడి ఇవ్వడం. పూత దశలో మాత్రం నీళ్లు నిలిపి ఉంచాలి. ఇది అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఊరూరా చెప్పిన పద్ధతి. పైపులో స్కేలు పెట్టి చూడటం పిల్లలకు ఎంతసేపట్లో వస్తుంది?

మాటలో మాట, మన జిల్లా పేరుతోనే ఒక టెక్నాలజీ ఉందని ఆ పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఫ్లోరైడ్ నీళ్లలో పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేసింది. పేరు నల్గొండ టెక్నిక్. తూర్పు ఆఫ్రికా దేశాల్లోనూ వాడి చూశారు. అందులో యంత్రమేం లేదు, బకెట్ చాలు. కాకపోతే నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో ముందు కొలిస్తే గానీ పటిక ఎంత వేయాలో తెలియదు.

నేను అడిగేది ఆ కొలవడమే. ఒక డబ్బా, ఒక స్కేలు ఇచ్చి వాన కొలిపించండి. అంచులు నిటారుగా ఉన్న డబ్బాలో ఒక మిల్లీమీటర్ వాన పడిందంటే ఎకరం మీద 4,000 లీటర్ల పైచిలుకు నీళ్లు పడ్డట్టు. 10 మిల్లీమీటర్ల జల్లు అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. బత్తాయి చెట్లు బతికించుకోవడానికి ట్యాంకర్లు కొని పోసిన ఇళ్ల పిల్లలకు ఈ లెక్క ఒక్కసారి చెబితే చాలు. నేల తేమ సెన్సర్ కూడా చూపించండి, వద్దనను. కానీ చెలకలో ఒకసారి, నల్లరేగడిలో ఒకసారి పెట్టి చూడమనండి. అదే అంకెకు రెండు నేలల్లో ఒకే అర్థం ఉండదని వాళ్లకు వాళ్లే కనుక్కుంటారు.

ఇక తేమ మీటర్. మే నెలలోనే క్యాంపు పెట్టాలంటే పిల్లలను తీసుకుపోవాల్సింది ఖాళీ దుక్కికి కాదు, వడ్ల కొనుగోలు కేంద్రానికి. అక్కడ రైతు రాత్రింబవళ్లు కుప్ప దగ్గర పడుకుని ఉంటాడు. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే ఇంకా ఆరబెట్టమంటారు. చేతిలో పట్టే చిన్న యంత్రం మీద ఒక అంకె వస్తుంది, దానిమీద ఇంటిల్లిపాది ఆధారపడి ఉంటారు. నమూనా కుప్ప పైనుంచి తీశారా, అడుగు నుంచి తీశారా? రెండుసార్లు చూస్తే రెండు అంకెలు ఎందుకొచ్చాయి? మీటర్‌లో ఏ పంట సెట్ చేసి ఉంది?

పత్తికైతే లెక్క మరీ సూటిగా ఉంటుంది. ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ 8 శాతం తేమ వరకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోసుకుంటూ 12 దాకా కొంటుంది. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. మీటర్ మీద ఒక్క అంకె పెరిగితే క్వింటాకు 81 రూపాయలు పోయినట్టు. 30 క్వింటాళ్ల మీద 2,400 పైనే. నాన్న పక్కన నిలబడి 'సార్, ఇంకోసారి చూడండి' అనగలిగే పిల్లాడు డ్రోన్ వీడియో తీసిన పిల్లాడికంటే ఆ ఇంటికి ఎక్కువ పనికొస్తాడు.

నిజానికి పిల్లలు ఇప్పటికే ఆ పనిలో ఉన్నారు. అదే సీజన్‌లో పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. చాలా ఇళ్లలో ఆ పని చేసింది ఎవరు? హైస్కూల్ పిల్లలే. నాన్న ఆధార్ కార్డు ముందేసుకుని ఓటీపీ కోసం చూస్తూ కూర్చున్నారు. స్మార్ట్ వ్యవసాయం వాళ్ల చేతిలోకి వచ్చింది, నేర్పేవాళ్లే రాలేదు.

ఆ గ్రూప్ ఫోటోలో ఆడపిల్లలు వెనక వరుసలో ఉన్నారు. నమో డ్రోన్ దీదీ కింద మహిళా సంఘాలకు 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల సాయంతో డ్రోన్లు ఇచ్చే పథకానికి 2023లోనే ఆమోదం వచ్చింది. గద్వాల వైపు విత్తన పత్తి చేలల్లో ఆడపిల్లలు బడి మానేసి క్రాసింగ్ (చేత్తో పూలకు పుప్పొడి అద్దే) పనికి పోయిన కాలం మనకు కొత్తదేం కాదు. చేను గురించి వాళ్లకు తెలిసినంత టీషర్ట్ సార్లకు తెలియదు. రిమోట్ ముందు వాళ్ల చేతికే ఇవ్వాల్సింది.

క్యాంపు పెట్టాలనుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నా మాట ఒకటే. వానాకాలం ఆదివారాల్లో పెట్టండి. కంపాసాగర్‌లో కృషి విజ్ఞాన కేంద్రం (కేవీకే) ఉంది, పాలెంలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, అడిగితే వచ్చి చెప్పగలిగినవాళ్లు అక్కడున్నారు. మా పత్తి చేనులో ఎకరంన్నర పిల్లలకు వదిలేస్తాను, ఫీజు అక్కర్లేదు. రెక్కల పురుగులను వాసనతో లాగి పట్టే లింగాకర్షక బుట్టలు కడదాం. పత్తి కాయ తొలిచే గులాబీ రంగు పురుగు తాలూకు రెక్కల పురుగులు బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు పడితేనే మందు. రోజూ లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయాల్సింది పిల్లలే, డ్రోన్ పిలవాలా వద్దా చెప్పాల్సింది కూడా వాళ్లే. పిలిస్తే డ్రోన్ కిరాయి నేనే ఇస్తా. మందు కొట్టే రోజు మాత్రం పిల్లలెవరూ చేను దగ్గరికి రావద్దు, వీడియో తర్వాత పంపిస్తా.