కన్సర్ట్ ఎకానమీకి మన వంతు సాయం: ఫిల్మ్ సిటీలో ఎడ్ షీరన్, హైవే మీద మనం

ఇది 2025 జనవరి చివర్లో రాస్తున్న మాట. మొన్న 28న భువనేశ్వర్‌లో ప్రధానమంత్రి గారు బ్రిటిష్ బ్యాండ్ కోల్డ్‌ప్లే వాళ్ళ ముంబై, అహ్మదాబాద్ షోల సంగతి ఎత్తి, మన దేశంలో కన్సర్ట్ ఎకానమీకి బోలెడంత స్కోప్ ఉందన్నారు కదా, ఆ ముక్క విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళూ మా ఇంట్లో కన్సర్ట్‌లకి వెళ్ళడాన్ని డబ్బులు తగలెయ్యడం అనేవాళ్ళు. ఇకమీదట ఇది ఆర్థికాభివృద్ధి. టికెట్ కొన్నవాడు టికెట్ మీద ట్యాక్స్ కడతాడు, దాని పైన కన్వీనియెన్స్ ఫీజు కడతాడు, ఆ ఫీజు మీద మళ్ళీ ట్యాక్స్ కడతాడు, ఇంతకన్నా దేశభక్తి ఏం కావాలి చెప్పండి. అంచేత బాధ్యత గల పౌరుడిగా, వచ్చే ఆదివారం అంటే ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో జరగబోయే ఇంగ్లిష్ గాయకుడు ఎడ్ షీరన్ కన్సర్ట్ మీద ఒక ముందస్తు నివేదిక ప్రజల ముందు పెడుతున్నా.

ఆయనెవరో తెలీదంటారా, తెలుసు, మీకు తెలుసని మీకు తెలీదంతే. గత ఏడెనిమిదేళ్ళలో మీరు ఒక్క పెళ్ళి సంగీత్‌కైనా వెళ్ళుంటే, పెళ్ళికొడుకు పెళ్ళికూతుర్ని గాల్లోకి ఎత్తబోయి నడుం పట్టేసి దింపేసిన ఆ డ్రోన్ షాట్ వెనకాల వినపడిన పాట ఈయనదే. ఇంగ్లండ్‌లో సఫోక్ అనే పల్లె ప్రాంతం కుర్రాడు, ఎర్ర జుట్టు, మామూలు టీషర్టు, ఒక చిన్న గిటార్. పుణేలో 30న మొదలుపెట్టి మన దగ్గరికి, తర్వాత చెన్నై, బెంగళూరు, షిల్లాంగ్, చివర్లో ఢిల్లీ పక్కన గురుగ్రామ్. ఇందులో బెంగళూరుకి రెండ్రోజులిచ్చి మనకి ఒక్కరోజే ఇవ్వడం మీద ఇంతవరకూ ఒక్క రాజకీయ పార్టీ కూడా నోరెత్తలేదు. విజయవాడకీ వైజాగ్‌కీ అయితే అసలు సున్నా. విభజన చట్టంలో రాసుకోలేదు కాబట్టి అడగడానికి కూడా లేదు.

ఈ టూర్ పేరు మ్యాథమెటిక్స్ టూర్. ఎందుకంటే ఆయన ఆల్బమ్‌లలో ఐదింటి పేర్లు లెక్కల గుర్తులే, 2011లో ప్లస్, 2014లో మల్టిప్లై, 2017లో డివైడ్, 2021లో ఈక్వల్స్, 2023లో సబ్‌ట్రాక్ట్. తెలుగు రాష్ట్రాల్లో ఇంతకన్నా తెలివైన మార్కెటింగ్ ఇంకోటి ఉంటుందా? ఇంటర్ చదివే పిల్లాడు "డాడీ, ఆదివారం ఫిల్మ్ సిటీలో మ్యాథమెటిక్స్ ప్రోగ్రాం ఉంది, లండన్ నుంచి సార్ వస్తున్నారు" అంటే తండ్రి ఇంకో ప్రశ్న వెయ్యకుండా డబ్బులు పంపేస్తాడు, పైగా "తమ్ముణ్ణి కూడా తీస్కపో, వాడికి క్యాలిక్యులస్ వీక్" అంటాడు. జేఈఈ మెయిన్ మొదటి విడత ఇప్పుడే ముగుస్తోంది, ప్రాక్టికల్స్ నెత్తిమీదున్నాయి, మధ్యలో ఒక్క ఆదివారం దొరికింది, ఆ రోజు కూడా ప్లస్సూ మైనస్సే. ఇంతా చేసి ఈ సార్ చదువు మధ్యలో ఆపేసి గిటార్ పట్టుకుని లండన్ వెళ్ళిపోయిన మనిషి అన్న సంగతి మాత్రం ఇంట్లో చెప్పకండి.

ఇక్కడ జోకులు పక్కన పెట్టి ఒక మాట చెప్పాలి. మనిషి పని మాత్రం గట్టిది. 2015లో లండన్ వెంబ్లీ స్టేడియంలో మూడు రాత్రులు వరసగా ఒక్కడే నిలబడి షో చేశాడు, బ్యాండ్ లేదు, వెనక డాన్సర్లు లేరు. కాలి కింద లూప్ పెడల్ అని ఒకటుంటుంది. గిటార్ చెక్క మీద అరచేత్తో దబదబా కొడతాడు, కాలితో తొక్కుతాడు, ఆ దరువు రికార్డయ్యి తిరుగుతూ ఉంటుంది. దాని మీద నాలుగు తీగలు మీటుతాడు, మళ్ళీ తొక్కుడు. దాని మీద తన గొంతుతోనే కోరస్ పాడతాడు, మళ్ళీ తొక్కుడు. ఐదు నిమిషాల్లో ఒక్క మనిషి పది మందయిపోతాడు. మన బుర్రకథలో కథకుడికి అటో వంత ఇటో వంత ఉంటారు చూడండి, ఇక్కడ కథకుడూ ఆయనే, రాజకీయమూ ఆయనే, హాస్యమూ ఆయనే, "తందాన తాన" కూడా ఆయనే. అదంతా అక్కడికక్కడ లైవ్‌లో చేసేది, ఒక్క దెబ్బ అటూ ఇటూ పడిందా ఆ తప్పే పాట అయ్యేదాకా గుండ్రంగా తిరుగుతూ పరువు తీస్తుంది. 2017లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ మ్యూజిక్ ఫెస్టివల్‌లో ఇట్లాగే చేస్తే జనం బ్యాకింగ్ ట్రాక్, అంటే ముందే రికార్డు చేసిన మ్యూజిక్ పెట్టుకున్నాడని ఏడిపించారు, పాపం అది లూప్ స్టేషన్ బాబూ గూగుల్ చేసుకోండని ట్విట్టర్లో చెప్పుకోవాల్సొచ్చింది. మన ఊళ్ళో ఆ అనుమానం ఎవరికీ రాదు లెండి, పెదాలు ఆడిస్తే చాలు పాడినట్టే అనుకునేంత మంచి మనసు మనది.

ఇంకో సంగతి. ఆయన పాట ఒకటి పాత అమెరికన్ పాటలా ఉందని కేసేస్తే 2023లో మన్‌హాటన్ కోర్టులో గిటార్ పట్టుకుని సాక్షి బోనులోనే వాయించి చూపించాడు, ఈ నాలుగు కార్డ్స్ (అంటే గిటార్ మీద కలిపి మీటే స్వరాలు) ఎవడబ్బ సొత్తూ కాదు, సగం పాప్ పాటలు వీటి మీదే నడుస్తాయని. జ్యూరీ ఆయన కాపీ కొట్టలేదని తేల్చింది. ఇదే పద్ధతి మన దగ్గర మొదలైతే నాంపల్లి కోర్టులో పర్మినెంట్‌గా ఒక ఆర్కెస్ట్రా పెట్టాలి, కీబోర్డు ప్లేయర్‌కి గవర్నమెంట్ జాబ్ వస్తుంది.

సరే, అసలు సమస్యలోకి వద్దాం. ఫిల్మ్ సిటీ ఉండేది రంగారెడ్డి జిల్లాలో. కిందటి నవంబర్ 15న పంజాబీ గాయకుడు దిల్జీత్ దోసాంజ్ షో ఎయిర్‌పోర్ట్ రోడ్డులో పెట్టినప్పుడు ఇదే జిల్లా అధికారులు ముందే నోటీసిచ్చారు గుర్తుందా, మందునీ డ్రగ్స్‌నీ హింసనీ ఎంకరేజ్ చేసే పాటలు పాడొద్దని. ఆయన స్టేజ్ మీద ఒక పాటలో మందు మాట బదులు కోక్ అని మార్చి పాడేశాడు. ఎంత గొప్ప సంస్కరణ అండీ అది! రాష్ట్ర ఖజానాని భుజాల మీద మోస్తున్న సరుకుని ఊళ్ళో బెల్ట్ షాపులో కొనొచ్చు, తాగొచ్చు, తాగి డివైడర్ మీద పడుకోవచ్చు, రాగం తీసి మాత్రం పాడకూడదు. శృతి కలిస్తేనే ఆరోగ్యానికి హానికరం. మరి ఈ లెక్కన ఎడ్ షీరన్ గారి అన్నిటికన్నా పెద్ద హిట్, షేప్ ఆఫ్ యూ, దాని రెండో లైన్లోనే బార్‌కి వెళ్తానంటాడు. రెండో లైన్లోనే! ఇంగ్లిష్ కాబట్టి ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. జిల్లా యంత్రాంగానికి నా సూచన ఏంటంటే బార్ తీసేసి అక్కడ ఇరానీ హోటల్ అని పెట్టమనండి, రెండు చాయ్‌లు, ఒక ప్లేట్ ఉస్మానియా బిస్కెట్లు, ప్రేమ అక్కడ కూడా బానే పుడుతుంది, మన ఊళ్ళో చాలామందికి అక్కడే పుట్టింది.

ఇప్పుడు ప్రయాణం. కన్సర్ట్ ఎకానమీలో అసలు ప్రొడక్షన్ జరిగేది రోడ్డు మీదే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. అరీనా షో అని అందరూ అంటున్నారు, అరీనా అంటే పైకప్పూ ఏసీ మెత్తటి కుర్చీ అనుకునేరు, మన దగ్గర అరీనా అంటే షామియానా పీకేసిన గ్రౌండు. ఆ గ్రౌండు విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఉంది. మెట్రో ఎల్బీ నగర్‌లో చేతులెత్తేస్తుంది. అక్కణ్ణుంచి వనస్థలిపురం, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట, ఇంకో ఇరవై పైచిలుకు కిలోమీటర్లు దేవుడి మీద భారం వేసి వెళ్ళాలి. విచిత్రం ఏంటంటే ఫిల్మ్ సిటీ లోపల రైల్వే స్టేషన్ ఉంది, ప్లాట్‌ఫామ్ ఉంది, బోర్డులున్నాయి, రైలే రాదు, ఎందుకంటే అది సెట్టు. ఎయిర్‌పోర్ట్ కూడా ఉంది, అదీ సెట్టే. ప్రపంచంలోనే అతి పెద్ద స్టూడియో అని గిన్నిస్ వాళ్ళు రాసుకున్న చోట సమస్త రవాణా సౌకర్యాలూ ఉన్నాయి గానీ వాటిలో హీరో హీరోయిన్లు మాత్రమే ప్రయాణించగలరు.

మాదాపూర్, గచ్చిబౌలి జనం ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగుతారు, అందరూ ఒకేసారి దిగుతారు, అక్కడే స్థిరపడతారు. నా అంచనా ప్రకారం కూకట్‌పల్లి వాడికన్నా సూర్యాపేట వాడు ముందు గేటు దగ్గరుంటాడు, వాడికి టోల్ తప్ప వేరే అడ్డు లేదు. పైగా ఆదివారం సాయంత్రం ఊళ్ళ నుంచి తిరిగొచ్చే కార్లు, ట్రావెల్స్ బస్సులు అన్నీ అదే రోడ్డు. పచ్చడి సీసాలూ బియ్యం బస్తాలూ డిక్కీలో వేసుకుని వస్తున్న ఒక కుటుంబం, పక్క లైన్లో మెరుపుల డ్రెస్సులేసుకుని కారు సన్‌రూఫ్‌లోంచి పైకి లేచి ఇంగ్లిష్ పాట పాడుతున్న నలుగుర్ని చూసి "ఏమైందమ్మా, బండి ఆగిపోయిందా" అని జాలిగా అడిగే దృశ్యం నాకు ఇప్పుడే కళ్ళకి కడుతోంది.

క్యాబ్‌లో వెళ్దామనుకునేవాళ్ళకి: డ్రైవర్ ఫోన్ చేస్తాడు. "డ్రాప్ ఎక్కడన్నా?" అంటాడు. మీరు ఫిల్మ్ సిటీ అంటారు. ఒక రెండు సెకన్లు నిశ్శబ్దం. "క్యాషా ఆన్‌లైనా?" అంటాడు. మీరేం చెప్పినా రాడు, ఆ ప్రశ్న మర్యాదకి అడిగేది. వెళ్ళేటప్పుడన్నా ఏదో ఒకటి దొరుకుతుంది, రాత్రి బయటికొచ్చాక ఆ హైవే మీద వేల మంది ఒకేసారి ఫోన్లు పైకెత్తి లొకేషన్ పిన్ అటూ ఇటూ జరుపుతూ ఉంటారు చూడండి, అదే ఆ రోజు జరిగే నిజమైన లైట్ షో.

ఒక్క విషయం నవ్వకుండా చెప్తా. కిందటి డిసెంబర్ 4న హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. జనం ఎక్కువున్న చోటికి పిల్లల్ని తీసుకెళ్తుంటే లోపలికెళ్ళగానే స్టేజ్ ఎటుందో కాదు, బయటికెళ్ళే గేటు ఎటుందో చూసుకోండి.

లోపల ఏం జరుగుతుందో ఊహించడం కష్టమేం కాదు. ముందు దాహం వేస్తుంది. అన్ని వేల ఫోన్లు ఒక్క టవర్ మీద పడేసరికి సిగ్నల్ చచ్చిపోతుంది, నీళ్ళ బాటిల్ దగ్గర నించుని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది, డబ్బు మీ ఖాతాలోంచి పోయింది, వాడి ఖాతాలోకి రాలేదు, మధ్యలో ఎక్కడో ఆకాశంలో ఉంది. ఆర్థికవేత్తలు చెప్పే మనీ సర్క్యులేషన్ ఇదే. జేబులో ఐదొందల నోటున్నవాడు ఆ రాత్రికి జమీందారు, వాడి చుట్టూ స్నేహితులు చేరతారు, "మామా, బ్రదరూ" అని వరసలు కలుపుతారు.

తర్వాత ఫోన్లు లేస్తాయి. మీకు ఎడ్ షీరన్ కనపడతాడు, అయితే మీ ముందువాడి ఫోన్లో, వాడి ముందువాడి ఫోన్ స్క్రీన్ మీద నుంచి. డాలస్‌లో ఉండే మా బావమరిది 2023 మేలో అక్కడి స్టేడియంలో ఈ టూరే చూశాడు, మొత్తం నాకు వీడియో పంపాడు, అందులో ముప్పావు వంతు వాడి గొంతే. ఆ వీడియో చూశాక ఒరిజినల్ ఎలా ఉంటుందో వినాలనే ఆశ నాకు ఇప్పటికీ తీరలేదు. పాట మధ్యలో వీడియో కాల్ చేసి అమ్మకి చూపించేవాళ్ళు ఎటూ ఉంటారు. "ఎవర్రా ఆయన, ఒక్కడే నించున్నాడు, తిన్నాడో లేదో" అని ఆవిడ అడుగుతుంది.

ఇంకా, ఆయన "నమస్కారం హైదరాబాద్" అంటాడు. అనకపోతే టూర్ క్యాన్సిల్ చేసినంత పని. అన్నాక మనం వేసే కేకకి ఆయన నిజంగా భయపడతాడు, ఎందుకంటే తన పాటకి కూడా అంత రాలేదు. కిందటేడు ముంబైలో దిల్జీత్‌తో కలిసి పంజాబీలో పాడాడు కాబట్టి ఇక్కడ ఒక తెలుగు ముక్క పాడాలని మన డిమాండ్. పాడితే ఆధార్ కార్డు ఇప్పించే బాధ్యత నాది. అలా కాకుండా ఆ తెలుగు ముక్క దాచుకుని తీసుకెళ్ళి బెంగళూరులో పాడాడో, మర్యాదగా ఉండదు, రెండ్రోజులూ వాళ్ళకే, పాటా వాళ్ళకేనా? ఇక ఏదో ఒక స్లో పాటలో, గ్రౌండంతా లైట్లు ఊపుతూ కళ్ళు చెమర్చిన ఆ క్షణంలో, వెనక నుంచి ఒక గొంతు "జై బాలయ్య" అంటుంది. ఆయన అది తన పాటకి తెలుగులో చెప్పే వన్స్ మోర్ అనుకుని చెయ్యి ఊపుతాడు. మనం సరిదిద్దం.

రాత్రి పార్కింగ్‌లోంచి బండి కదలడానికి గంటన్నర పైనే పడుతుంది, ఆ ఖాళీలోనే ఐటీ జనం సోమవారం పని కూడా కానిచ్చేస్తారు. ఒకడు స్టీరింగ్ మీద తల పెట్టుకుని, సిగ్నల్ రెండు గీతలు రాగానే "ఫీలింగ్ ఫీవరిష్" అని మేనేజర్‌కి సిక్ లీవ్ మెయిల్ కొడతాడు. అర నిమిషంలో అప్రూవ్డ్ అని రిప్లై వస్తుంది. అర్ధరాత్రి పన్నెండున్నరకి ఈయనెందుకు మేలుకున్నాడబ్బా అని వాడు తల ఎత్తి చూసేసరికి ముందు కారు బ్రేక్ లైట్ల వెలుగులో, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి "జరగండి బాబూ జరగండి" అంటున్నది ఆయనే.