సబ్‌బేస్ గారికి, మూలాపేట మిద్దె మీద నుంచి

మహారాజశ్రీ సబ్‌బేస్ గారి దివ్యసముఖమునకు,

నెల్లూరు మూలాపేటలో మిద్దె మీద పోర్షన్లో ఉంటూ, పాటలో అన్నిటికన్నా అడుగున, చెవికన్నా ఛాతీకి ఎక్కువ తగిలే మోతైన తమరినే నమ్ముకుని నిద్ర మానుకున్నవాడు రాసుకునే విన్నపం. తమరు క్షేమమేనా? మొన్న ఆదివారం రాత్రి అల్లూరులో మా పెద్దమ్మ కొడుకు పెళ్లి ఊరేగింపులో తమరు కనపడకపోయేసరికి ఒంట్లో బాలేదేమో అని కంగారు పడ్డా.

మూడు నెలలండీ. పగలు ఉద్యోగం, రాత్రి తమరి సేవ. అన్న పెళ్లికి పాట నేనే కట్టిస్తానని చుట్టాలందరి ముందూ మాటిచ్చేశా. మొదటి సగం నిమిషానికి 174 దెబ్బల డ్రమ్ అండ్ బేస్ అనే డాన్సు సంగీతం, రెండో సగం 140 దెబ్బల డబ్‌స్టెప్ అనే ఇంకో రకం. రెండూ వేరే వేరే అనుకునే మొదలుపెట్టా. తీరా పనిలో దిగితే తెలిసింది, తమరు రెండిళ్ల అల్లుడని. అక్కడా ఇక్కడా అడుగున తమరే, ఏ వంకా లేని సైన్ తరంగంలా కూర్చుని ఉంటారు. తమరి నెత్తిన రీస్ బేసు. రంపపు పళ్ల తరంగాలు రెండింటిని కొంచెం శ్రుతి తప్పించి ఒకదాని మీద ఒకటి పేరిస్తే వచ్చే గురగుర అది. 1988లో కెవిన్ సాండర్సన్ అనే డెట్రాయిట్ ఆయన చేసిన గొంతు. ముందు జంగిల్ అనే ఇంగ్లండు డాన్సు సంగీతం వాళ్లు, డ్రమ్ అండ్ బేస్ వాళ్లు ఎత్తుకుపోయారు, తర్వాత డబ్‌స్టెప్ వాళ్లూ ఎత్తుకుపోయారు. దాన్ని రికార్డు చేసి, డిస్టార్షన్ అనే గరగర పట్టించి, ముక్కలు కోసి, ఆ ముక్కల్ని మళ్లీ రికార్డు చేసి, మళ్లీ కోసి... మా అవ్వ రోట్లో గోంగూర కూడా ఇన్నిసార్లు తిప్పి నూరదు. ఇక కిక్ అనే పెద్ద డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా తమరు తల దించుకోవాల. మామగారు వసారాలోకి రాగానే కొత్త కోడలు పక్కకు తప్పుకున్నట్టు. దాన్ని సైడ్‌చెయిన్ అంటారు. రెండిళ్లలోనూ అదే ఆచారం.

డ్రమ్ అండ్ బేస్ 1990ల మొదట్లో జంగిల్ కడుపున పుట్టింది. డబ్‌స్టెప్ 2000 దాటాక దక్షిణ లండన్‌లో, క్రాయ్‌డన్ కుర్రాళ్ల చేతుల్లో, గ్యారేజ్ అనే డాన్సు పాటల్లోంచి వచ్చింది. తాత మాత్రం ఒకడే: జమైకా నుంచి వలసపోయినవాళ్లు ఇంగ్లండులో నిలబెట్టిన సౌండ్ సిస్టం. అంటే మన డీజే బండికి వేలువిడిచిన మేనమామ అనుకోండి. మరి తేడా యాడుందయ్యా అంటే, చాలా వరకు స్నేర్‌లో, అంటే ఠప్పుమనే చిన్న డ్రమ్ములో ఉంది. డ్రమ్ అండ్ బేస్‌లో రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద పడే స్నేర్‌ని తీసి మూడో దెబ్బ మీద పెడితే చాలు, 174 పరుగు కాస్తా 87 నడకైపోద్ది. డబ్‌స్టెప్ 140లో ఉండి 70 నడక నడిచేదీ అట్టానే. ఈ ముక్క ముందే తెలిసుంటే నాకు నెలన్నర మిగిలేది.

వాబుల్ అని ఇంకొకడున్నాడు. నిదానంగా ఊగే ఎల్ఎఫ్ఓ అనేవాడు, శబ్దాన్ని వడగట్టే ఫిల్టర్ తలుపు తీస్తా మూస్తా ఉంటే వచ్చే వవ్‌వవ్. వాడి మీద ఫిర్యాదు ఏం లేదు, వాడు ఊరేగింపుకి వచ్చాడు. అమెన్ బ్రేక్ కూడా వచ్చింది. 1969లో గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మరు ఆరేడు సెకన్లు వాయించిన ముక్క అది, దాని మీద ఒక సంగీతమే నిలబడితే ఆయన చేతికి రాయల్టీ పైసా రాలా. చనిపోయినాయన వాయింపు అల్లూరు దాకా వచ్చింది. రానిది తమరే.

డీజే పెట్టెలది తప్పు అందామా? నా పాటకు ముందు వేసిన సినిమా పాటకు కిటికీ రెక్కలు దడదడలాడాయి, పాల గ్లాసులు పళ్లెంలో జరిగాయి. అప్పుడు నా వంతొచ్చింది. పెళ్లికొడుకు స్నేహితులు చొక్కాలు పైకి మడిచి నిలబడ్డారు. డ్రాప్, అంటే బేసంతా ఒక్కసారి విరుచుకుపడాల్సిన చోటు, వచ్చింది. కిచకిచకిచ. ఇనప గరిటెతో మూకుడు గీకినట్టు. ఎగరడానికి కాలెత్తిన పిలకాయలు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి నా వైపు చూశారు. మా పిన్ని దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది, "పాట ఎప్పుడు మొదలవుద్ది నాయనా?" అప్పటికే సగం అయిపోయింది. డీజే పిల్లోడు, "అన్నా, నీ ఫైల్లోనే బేస్ లేదన్నా" అని అందరూ వినేటట్టు చెప్పి సినిమా పాటే మళ్లీ వేశాడు.

సోమవారం సెలవు పెట్టా. మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా వెతికా. మొదట గదినే అనుమానించా. పన్నెండడుగుల గది, గోడకానుకుని నా బల్ల. ఆ పొడవు గది 47 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 47 ఊపుల దగ్గర, తనంతట తానే మోగుద్ది. నా పాట ఎఫ్ షార్ప్ శ్రుతిలో ఉంది, తమరి అడుగు స్వరం 46. గది మోత చూసి తమరే ఎక్కువయ్యారనుకుని ఆరు డెసిబెల్స్ కోసేశా. సరే, కోస్తే తగ్గాల గానీ, మొత్తానికి మాయమవడం ఏంది?

నాలుగింటికి, కుడి ఎడమ శబ్దాల్ని ఒకటిగా కలిపే మోనో బటన్ నొక్కా. పోయావు. మళ్లీ నొక్కా, వచ్చావు. నొక్కా, పోయావు. ఇంక నీకు గారు ఏంది, తమరు ఏంది! హెడ్‌ఫోన్లో విశాలంగా ఉంటదని కుడివైపు నీ అలని తలకిందులు చేసి పెట్టింది నేనే, ఒప్పుకుంటా. అల్లూరులో డీజే పిల్లోడు కుడి ఎడమల్ని ఒక్క వైరులో కలిపాడు. ఒకటి పైకి, ఒకటి కిందికి, మిగిలింది సున్నా. అయినా మూడు నెలలు నా చెవుల్లో కూర్చుని ఒక్క మాటన్నా చెప్పావా? వంద హెర్ట్జ్ కింద అంతా నట్టనడుమ, మోనోలోనే ఉండాలని రెండిళ్లలోనూ మొదటి పాఠం అదేనంట కదా. రెండిళ్లలో తిన్నావు, ఒక్కరన్నా చెప్పలేదా నీకు? ఇంట్లో పులి, వీధిలో పిల్లి! నీ 46 హెర్ట్జ్ అల ఒక్కోటి 24 అడుగుల పొడుగంట. అంత పొడుగు మనిషివి, పెళ్లిలో దాక్కోవడానికి చోటెట్టా దొరికింది నీకు?

ఆ సాయంత్రమే సరిచేశా. నిన్ను నట్టనడుమ నిలబెట్టి, కోసిన ఆరు డెసిబెల్స్ వెనక్కిచ్చి, అరువు తెచ్చిన పెద్ద స్పీకర్లో పెట్టా. అల్మరాలో గ్లాసులు మోగాయి. బల్ల మీద ఆనించిన మోచేతుల్లోంచి ఎక్కావు. పాడు మొహమా, ఎంత బాగున్నావో.

రెండో సగం మొదలవంగానే కింద పోర్షన్ అత్త ఆయాసపడతా మెట్లెక్కి వచ్చింది. అరుస్తదనుకుని ఆపేశా. ఆమె మాత్రం నా తలుపు దాటి పైమిద్దెకు పోతా, "ఉరుముతా ఉంటే లోపల కూర్చున్నావేంది అబ్బయ్యా, ఒడియాలు తడిసిపోతాయి, ఒక చెయ్యి వెయ్యి!" అంది.

ఆకాశంలో మబ్బు తునక లేదు. పోయి దుప్పటి రెండో కొస పట్టుకున్నా.

ఇట్లు,
తమరి
ఒడియాలు ఎత్తినవాడు